ర్యాంకు ఇచ్చిన బ్రాంచి

2022 ఆగస్టులో మా అబ్బాయిని డాలస్ నుంచి మూడు గంటల దూరంలో ఉన్న కాలేజ్ స్టేషన్‌కు తీసుకువెళ్లి, టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ హాస్టల్లో దింపి వచ్చాము. నేనూ ఇంజినీరింగే చదివినవాణ్ణి కాబట్టి వాడి సందేహాలు తీర్చడం పెద్ద పని కాదనుకున్నాను. ఆ ధీమా సెప్టెంబరు దాటలేదు.

విద్యార్థుల సందేహాల కోసం కేటాయించే ఆఫీస్ అవర్స్‌లో ప్రొఫెసర్ దగ్గరికి వెళ్లి ఏం మాట్లాడాలన్నది వాడి మొదటి ప్రశ్న. జేఎన్‌టీయూ అనుబంధ కాలేజీలో నేను చదివిన రోజుల్లో హెచ్ఓడీ (శాఖాధిపతి) గది గుమ్మం తొక్కామంటే, హాజరు 75 శాతం కంటే తగ్గి, మెడికల్ సర్టిఫికెట్ పట్టుకుని కండోనేషన్ (తగ్గిన హాజరును మన్నించడం) కోసం నిలబడ్డామనే అర్థం. తెలియని లెక్క అడగడానికి వెళ్లిన మనిషిని నేను చూడలేదు. తెలిసినట్టు ఏదో చెప్పాను కానీ, వాడు నమ్మలేదు.

ఇక మార్కుల సంగతి. నా ఇంటర్ ఫలితం పేపర్లో హాల్ టికెట్ నంబరుతో సహా పడి, ఇంట్లోవాళ్ల కంటే ముందు వీధిలోవాళ్లకు తెలిసింది. ఇక్కడ 1974 నాటి ఫెర్పా చట్టం వల్ల, కాలేజీలో చేరిన పిల్లల మార్కుల మీద హక్కు పిల్లలదే. ఫీజు మనమే కట్టినా, వాడు చూపిస్తే తప్ప మనకు తెలిసే దారి దాదాపు ఉండదు. మా ఆవిడ మాత్రం దీనికి ఉపాయం కనిపెట్టింది: రెండు పూటలా మ్యాగీయే తిన్నానని చెప్పాడంటే ఆ రోజు ఫిజిక్స్ పరీక్ష పోయినట్టే లెక్క.

అసలు చిక్కు బ్రాంచితో వచ్చింది. అప్పట్లో అక్కడ మొదటి ఏడాది అందరూ ఉత్త ఇంజినీరింగ్ విద్యార్థులే. కాలిక్యులస్, ఫిజిక్స్, పైథాన్ ప్రోగ్రామింగ్ చదివాక 'ఎంట్రీ టు ఎ మేజర్' పద్ధతిలో బ్రాంచి కోరుకోవాల్సి వచ్చేది. అప్పటి నిబంధన ప్రకారం జీపీఏ (నాలుగుకు లెక్కగట్టే సగటు గ్రేడు) 3.75 ఉంటే మొదట కోరిన బ్రాంచి ఖాయం, తగ్గితే మిగతావారితో పోటీ. కంప్యూటర్ సైన్స్ పెట్టమని నేను, మెకానికల్ బాగుందని వాడు, ఫిబ్రవరంతా వాదించుకున్నాము.

ఒక రాత్రి వాడు, "నువ్వు సివిల్ ఎందుకు తీసుకున్నావు నాన్నా?" అన్నాడు. నా ర్యాంకుకు అదే వచ్చిందని, కౌన్సెలింగ్ హాల్లో మామయ్య "తీసుకోరా, గవర్నమెంటు ఉద్యోగం వస్తుంది" అంటే సంతకం పెట్టానని చెప్పాను.

"అది కాదు. నీకు ఇష్టమేనా?"

ఇరవై ఏళ్లుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్న నన్ను ఈ మాట ఎవరూ అడగలేదు. ఏం చెప్పాలో తోచక సర్వే క్యాంపు గురించి మొదలుపెట్టాను. ఎండలో కోణాలు కొలిచే థియోడొలైట్ మోసుకుంటూ గుట్ట ఎక్కడం, లెవెలింగ్ స్టాఫ్ (ఎత్తులు కొలిచే గీతల కర్ర) పట్టుకున్నవాడు నిద్రలో తూగుతుంటే రీడింగులన్నీ తప్పిపోవడం, సాయంత్రానికి లెక్క సరిపోయిందని అందరం కేకలు వేయడం, ఒకటొకటే గుర్తొచ్చాయి. ఫోన్ పెట్టేసరికి నలభై నిమిషాలైంది. కంప్యూటర్ సైన్స్ మాట ఆ రాత్రి ఎత్తనేలేదు.