చెల్లు అనే కాలమ్

పాలకొల్లులో ఇల్లు కట్టుకోవడానికి 20 లక్షల అప్పు మంజూరైన రోజు రాత్రి ఎక్సెల్ తెరిచి కూర్చున్నాను. పగలంతా రైసుమిల్లులో లెక్కలు రాసేదాన్నే కదా, పావుగంట పని అనుకున్నాను. ఏడాదికి 8.5 శాతం వడ్డీ, 240 వాయిదాలు. వాయిదా ఎంతో చెప్పే పీఎంటీ ఫార్ములాలో వేస్తే నెల వాయిదా 1,70,000 అని వచ్చింది! గుండె గుభేలుమంది. ఏడాది వడ్డీని 12తో భాగించడం మరిచిపోయాను. భాగిస్తే 17,356కు దిగింది.

తర్వాత నెలకో వరుస. మిగిలిన అసలు మీద ఆ నెల వడ్డీ లెక్కగట్టి, దాన్ని వాయిదాలోంచి తీసేస్తే మిగిలేదే అసలుకు జమ. కిందికి లాగితే 240 వరుసలూ నిండుతాయి. వడ్డీ రేటు ఉన్న గడి మాత్రం లాగినా మారకుండా ఫార్ములాలో దానికి డాలరు గుర్తు పెట్టాలి. నేను పెట్టలేదు. రెండో వరుస దాని కింది ఖాళీ గడిని చదివి వడ్డీ సున్నా అంది. అలాంటి బ్యాంకు ఉంటే చెప్పండి, రేపే వెళ్తాను.

మా మావయ్యగారు కళ్లజోడు పెట్టుకుని పక్కన చేరారు. "ఎనిమిదిన్నర అంటే నూటికి ఎంతమ్మా?" అన్నారు. మా వైపు వడ్డీ అంటే నెలకు నూటికి ఎంత అనే. డెబ్బై పైసల చిల్లర అన్నాను. ఆయన దాన్ని డెబ్బై ఒకటి చేసి, క్యాలెండరు వెనుక గుణించారు. నెలకు 14,200, ఇరవై ఏళ్లకు 34 లక్షల పైచిలుకు. నా షీటులో మొత్తం వడ్డీ 21,65,000 చిల్లర.

"నీ మిషను తప్పమ్మా" అన్నారు.

తప్పు కాదు. ఆయనది ప్రామిసరీ నోటు లెక్క. అసలు చివరిదాకా కదలదు, వడ్డీ దాని మీదే నడుస్తుంది. ఇక్కడ అసలు నెలనెలా కరుగుతుంది. కరుగుతుందన్న మాటే గానీ, మొదటి వరుస చూస్తే నీరసం వస్తుంది. 14,166 వడ్డీకే పోయి, అసలుకు చేరేది 3,190. ఏడాదంతా రెండు లక్షల పైన కట్టినా తగ్గిన అసలు 39,805. వాయిదాలో సగానికి పైగా అసలుకు వెళ్లడం 143వ నెలలో గానీ మొదలుకాదు. అప్పటికి మా బుజ్జిది ఇంటర్ కూడా దాటేస్తుంది.

మావయ్యగారు ఆ వరుసలు కాసేపు చూసి, "మరి చెల్లు ఎక్కడ వేస్తారు?" అన్నారు.

నోటు మీద కొంత సొమ్ము ముడితే వెనకవైపు తారీఖు వేసి రాసే చెల్లు. నాకు తట్టనే లేదు. ఒక కాలమ్ చేర్చి, పైన 'చెల్లు' అని తెలుగులోనే రాశాను. మేలో మొదటి వాయిదా కడితే ఏప్రిల్‌కు పన్నెండు పూర్తవుతాయి, దాళ్వా, అంటే రెండో పంట, సొమ్ము చేతికొచ్చేదీ దాదాపు అప్పుడే. పన్నెండో వరుసలో లక్ష వేసి చూశాను. వాయిదా మార్చకుండా ఉంచితే అడుగున 26 వరుసలు ఖాళీ అయ్యాయి. ఆ ఒక్క లక్షతో మూడున్నర లక్షల వడ్డీ తప్పింది. మాది మారే వడ్డీ అప్పు కాబట్టి ముందుగా కట్టినందుకు జరిమానా లేదు. కాకపోతే వాయిదా తగ్గించవద్దు, గడువే తగ్గించండి అని బ్యాంకులో కాగితం మీద రాసివ్వాలి. ఈ మాట కౌంటరులో నాకెవరూ చెప్పలేదు, అడిగితేనే చెప్పారు.

మావయ్యగారికి 26 వరుసల మీద నమ్మకం కుదరలేదు. పదమూడో వరుసలో వడ్డీ చెల్లుకు ముందు ఎంత, తర్వాత ఎంత అని అడిగారు. 708 తగ్గింది.

"లక్షకు డెబ్బై ఒక్క పైసలంటే ఏడు వందల పది. రెండు రూపాయలు తక్కువొచ్చాయి, చూసుకో" అన్నారు.

ఆ రెండు రూపాయల లెక్క తేలేసరికి పదకొండు దాటింది.