అమ్మ రీఫండ్ ఇంటిపేరు దగ్గర ఆగిపోయింది

నాన్న పోయాక అమ్మ హిందూపురం నుంచి బెంగళూరు వచ్చేసింది, మారతహళ్లిలో మా ఇంటికి. డబ్బంతా ఆ ఊరి బ్యాంకులోనే ఎఫ్‌డీల్లో ఉంది. కట్టాల్సిన పన్ను లేదు, వడ్డీలోంచి పన్ను కోయొద్దు అని పెద్దవాళ్లు బ్యాంకుకిచ్చే ఫారం 15హెచ్‌ని ఏటా ఏప్రిల్‌లో నాన్నే గుర్తుపెట్టుకుని ఇప్పించేవారు. ఆయన లేని మొదటి ఏడు మాకెవరికీ అది తట్టలేదు. 2023-24లో వచ్చిన 1,84,600 రూపాయల వడ్డీ మీద పది శాతం, అంటే 18,460 టీడీఎస్ (వడ్డీలోంచి బ్యాంకే పట్టుకునే పన్ను) కోసేశారు. అమ్మకు వేరే ఆదాయం లేదు, కట్టాల్సిన పన్నూ లేదు. ఆ డబ్బు వెనక్కి రావడానికి జులైలో ఆదాయపు పన్ను రిటర్న్ వేశాను. ఆగస్టులో 143(1) ఇంటిమేషన్, అంటే రిటర్న్ చూశాక పన్ను శాఖ పంపే లెక్క, వచ్చింది. కోసిన డబ్బు మీద శాఖ ఇచ్చే ఐదు నెలల వడ్డీ 460 కలిపి 18,920 వాపసు అని.

నెల దాటినా డబ్బు పడలేదు. పన్ను శాఖ పోర్టల్‌లో చూస్తే ‘రీఫండ్ ఫెయిల్డ్’. బ్యాంకులో పేరు పాన్‌తో కలవలేదట. పాన్ దరఖాస్తులో ఇనీషియల్ ఒప్పుకోరు కాబట్టి అందులో అమ్మ ఇంటిపేరు పూర్తిగా ఉంది. పాస్‌బుక్‌లో ఒక్క అక్షరమే. మన పెద్దవాళ్ల పాత ఖాతాలు చాలావరకు ఇలాగే ఉంటాయి, ఒకసారి తీసి చూడండి.

“రీఫండ్లిచ్చే ఆఫీసు ఈ ఊర్లోనే ఉందంట కదా నాయనా, పోయి అడుగుదాం పా” అంది అమ్మ. నిజమే, రిటర్నులు ప్రాసెస్ చేసే సీపీసీ బెంగళూరులోనే ఉంది. కానీ పేరు సరిచేయాల్సింది బ్యాంకు. ఇక్కడి బ్రాంచిలో అడిగితే ఖాతా ఉన్న చోటికే వెళ్లమన్నారు.

పొద్దున్నే బస్సెక్కి వెళ్లి ఆధార్, పాన్ జిరాక్సులిచ్చి వచ్చాం. పది రోజులైనా పేరు మారలేదు. ఫోన్ చేస్తే ఎత్తరు. మళ్లీ వెళ్తే మేమిచ్చిన కాగితాలే కనపడటం లేదన్నారు. మోకాళ్ల నొప్పులున్న మనిషిని వంద కిలోమీటర్లు రెండుసార్లు తిప్పారే అని నాకు కోపం ఆగలేదు. పేరు మారేదాకా మేనేజర్ ఎదుటే కూర్చున్నాను. ఆ పనికి పట్టింది పావుగంట.

మిగతాది ఇంట్లోనే అయిపోయింది. పోర్టల్ ప్రొఫైల్‌లో ‘మై బ్యాంక్ అకౌంట్’లోకి వెళ్లి ఖాతాను మళ్లీ వ్యాలిడేట్ చేయించాను. అది అయ్యాక ‘సర్వీసెస్’లో ‘రీఫండ్ రీఇష్యూ’ రిక్వెస్ట్ పెట్టి, ఆధార్ ఓటీపీతో వెరిఫై చేయాలి. అమ్మ ఆధార్‌కి ఉన్నది నాన్న నంబరు. ఆ సిమ్ తీసేయడానికి అమ్మ ఒప్పుకోలేదు, నేనే రీచార్జి చేయిస్తూ వచ్చాను. ఓటీపీ దానికే వచ్చింది.

ఆ మధ్యలోనే ‘మీ రీఫండ్ సిద్ధం, లింక్ నొక్కండి’ అని అమ్మ ఫోన్‌కి ఒక మెసేజ్ వచ్చింది. డబ్బు కోసం ఎదురుచూస్తున్నవాళ్లు నమ్మేస్తారు. అది దొంగ మెసేజ్. పోర్టల్‌లోకి మనమే వెళ్లి చూసుకోవాలి, లింకులు ముట్టుకోవద్దు.

పద్దెనిమిదో రోజున డబ్బు ఖాతాలో పడింది. ఏప్రిల్ రాగానే అమ్మతో మళ్లీ హిందూపురం వెళ్లాను. 15హెచ్ ఇచ్చి, మా కాపీ మీద స్టాంపు వేయించుకుని వచ్చాం.