కింది ఇంటి శ్లాబు చూడకుండా రేటు చెప్పే మేస్త్రికి పని ఇవ్వకండి

మా బాత్రూమ్ బాగుచేయించిన సంగతి తెలిసి చుట్టాలు, కాలేజీలో తోటి లెక్చరర్లు మేస్త్రి నంబర్ అడుగుతున్నారు. నంబర్ ఇవ్వడం తేలికే. కానీ ఆయన ఏడాదిలో సగం రోజులు ఊళ్లో ఉండరు. ఈలోగా మీరు వేరేవాళ్లతో మాట్లాడాల్సి వస్తుంది. వాళ్లను ఏం అడగాలో, వాళ్లు మనల్ని ఏం అడుగుతున్నారో ఎలా గమనించాలో రాస్తే ఎక్కువ పనికొస్తుందనిపించింది.

విజయనగరంలో మాది 2006లో కట్టిన అపార్ట్‌మెంట్. మేం మూడో అంతస్తు. కింద రిటైరైన హెడ్మాస్టరు గారు, పిన్నిగారు ఉంటారు. మా బాత్రూమ్ నుంచి దిగిన నీళ్లు వాళ్ల బాత్రూమ్ శ్లాబుకి చేరి, అక్కణ్ణుంచి గోడ పట్టుకుని అవతలి గదిలో దేవుడి గూటి దాకా చెమ్మ పాకింది. శ్లాబు పెచ్చులు లేచి ఇనప చువ్వ బయటపడింది. వాళ్లు ఒక్క మాట గట్టిగా అనలేదు. "అమ్మాయ్, వీలు చూసుకుని ఓసారి వచ్చి చూడమ్మా" అన్నారంతే. గూట్లో పటాలన్నీ తీసి డైనింగ్ టేబుల్ మీద పెట్టుకున్నారు. మన ఇంటి మురుగునీరు ఇంకొకళ్ల దేవుడి దగ్గరికి పోవడం కంటే సిగ్గుచేటు ఏముంటుంది? ఆ రోజు నుంచి నాకు టెన్షన్ తగ్గలేదు.

రెండో కారణం మా అత్తయ్య. ఆవిడకి డెబ్బై ఎనిమిదేళ్లు. మోకాళ్ల నొప్పులు. పాత టైల్స్ నున్నగా అరిగిపోయి, తడి మీద కాలు పెట్టాలంటే భయపడేవారు. ఎలాగూ తవ్వుతాం కాబట్టి అవీ ఇవీ కలిపి ఒకేసారి చేయించాలనుకున్నాం. మా వారు రోజూ విశాఖపట్నం వెళ్లి వచ్చే ఉద్యోగం. పొద్దున్న రైలెక్కితే రాత్రికే రావడం. కాబట్టి వెతకడం, బేరం, దగ్గరుండి చూసుకోవడం అన్నీ నావే.

మొదట వచ్చిన కాంట్రాక్టర్ ఫోన్లో బొమ్మలు చూపించాడు. నల్ల టైల్స్, బంగారు రంగు ట్యాపులు, గోడలోంచి వచ్చే లైట్లు. చూడటానికి బాగున్నాయి. పాత టైల్స్ తీయక్కర్లేదు, వాటి మీదే కొత్తవి అంటించేద్దాం, నాలుగు రోజుల్లో అయిపోతుంది అన్నాడు. కింద మాస్టారి ఇంట్లో మరక చూస్తారా అంటే, "అవన్నీ మామూలేనండి, కెమికల్ కొట్టేస్తాం" అన్నాడు. ఏ కెమికల్, ఎక్కడ కొడతారు, కొట్టాక కారట్లేదని ఎలా తెలుస్తుంది? మూడింటికీ జవాబు లేదు. రెండో ఆయన టేపు తీసి గోడలు కొలిచి, ఎస్‌ఎఫ్‌టీకి ఇంత అని అక్కడికక్కడే లెక్క కట్టాడు. ఆయనా కిందికి దిగలేదు.

అపార్ట్‌మెంట్లలో బాత్రూమ్ శ్లాబుని సాధారణంగా అడుగు వరకూ కిందికి దింపి పోస్తారు. ఆ గుంటలో పైపులు పరిచి, ఇటుక ముక్కలతో నింపి, పైన సిమెంటు వేసి టైల్స్ పరుస్తారు. కింద ఎక్కడ చిన్న జాయింటు వదులైనా నీళ్లు ఆ ఇటుక ముక్కల్లోకి చేరతాయి. ఇటుక నీళ్లు పీల్చుకుని నెలల తరబడి పట్టి ఉంచుతుంది. పైన మనకి ఏమీ తెలియదు. నిండాక శ్లాబులో సన్నటి పగులు దొరికితే అక్కణ్ణుంచి దిగుతుంది. టైల్స్ మధ్య సందుల్లో వైట్ సిమెంట్ నింపినా, పాత టైల్స్ మీద కొత్తవి అంటించినా ఆ గుంటలో ఉన్న నీళ్లు ఎక్కడికీ పోవు. ఫిజిక్స్ చెప్పే నాకే కాదు, ఇటుకని బకెట్లో వేసి చూసిన ఎవరికైనా తెలిసే విషయం ఇది. అలాంటిది పాతిక బాత్రూములు కట్టానని చెప్పే మనిషి దాని ఊసెత్తకపోతే నాకు నమ్మకం కలగలేదు.

అప్పుడు వెతికే పద్ధతి మార్చాను. కొత్తగా చేసిన పనులు చూపించమని అడగడం మానేసి, మూడు నాలుగేళ్ల కిందట బాత్రూమ్ చేయించుకున్న ఇళ్లు ఎక్కడున్నాయని వాకబు చేశాను. కొత్త బాత్రూమ్ ఎవరు చేసినా మొదటి నెల మెరుస్తుంది. నాలుగు వానాకాలాలు గడిచాక మూలల్లో నాచు పట్టిందా, టైల్స్ మీద తడితే బోలుగా మోగుతోందా, కింది ఇంటివాళ్లు ఏమంటున్నారు, ఇవి చూస్తేనే పని తెలుస్తుంది. తోటపాలెంలో మా కాలేజీ ఆఫీసులో పనిచేసే ఆవిడ ఇంటికి వెళ్లాను. ఆవిడ బాత్రూమ్ ఎంత బాగుందో చూసి ఊరుకోకుండా, కింది పోర్షన్ తలుపు కూడా కొట్టి వాళ్ల శ్లాబు చూశాను. పొడిగా ఉంది. ఆ పని చేసిన మేస్త్రి గారిదే ఇప్పుడు అందరూ అడుగుతున్న నంబర్.

ఆయనది గజపతినగరం వైపు ఒక పల్లె. మా ఇంటికి వచ్చి చెప్పులు విప్పి, బాత్రూమ్‌లోకి తొంగి కూడా చూడకుండా, "ముందు కిందింటికి ఎల్దారండమ్మా. నీరు ఎక్కడ తేల్తందో సూడాల" అన్నారు. టార్చి వేసి మరక అంచులకి పెన్సిలుతో గీత గీశారు. పైకి వచ్చాక మా ట్యాపులు ఎప్పుడు మార్చాం, గీజర్ ఎక్కడుంది, స్నానం ఎవరు ఎక్కడ కూర్చుని చేస్తారు, మరక వానాకాలంలో పెరుగుతుందా ఎప్పుడూ ఒకేలా ఉంటుందా అని అడిగారు. రెండు రోజులు ఆ బాత్రూమ్ వాడొద్దన్నారు. ట్యాపులకి వచ్చే పైపులో మాత్రం నీళ్లు ఆపొద్దన్నారు. ఆ పైపే కారుతుంటే వాడకపోయినా మరక పెరుగుతుంది. పెరగలేదు. తర్వాత నేల మీద నీళ్లు పోయే నహానీ ట్రాప్‌లో నీలిమందు కలిపిన నీళ్లు పోయించారు. మర్నాడు సాయంత్రానికి కింద శ్లాబు మీద లేత నీలం కనిపించింది. ట్రాప్ దగ్గరి జాయింటే అని తేలిపోయింది. డబ్బు మాట అప్పటి దాకా ఎత్తలేదాయన.

లేబర్ ఆయనది, సామాను మాది అనుకున్నాం. ఇంత చిన్న పనికి సామానుతో కలిపి గుత్తకివ్వడం నాకు ఇష్టం లేదు. అలా ఇస్తే కళ్లకి కనబడే టైల్స్ మంచివి వచ్చి, కనబడని చోట పైపులు, వాటర్‌ప్రూఫింగ్ చవకవి పడే ప్రమాదం ఉంటుంది. ఒక నోటుబుక్కులో రాసుకున్నాం: పనిముట్లతో వచ్చిన రోజున కొంత అడ్వాన్స్, గుంటలో నీళ్లు నిలబెట్టి చూశాక కొంత, టైల్స్ అయ్యాక కొంత, రెండు వారాలు వాడి కింది శ్లాబు పొడిగా ఉందని చూశాక మిగతాది. పగలగొట్టిన మట్టి ఎవరు దింపాలో కూడా రాశాం. ఇక్కడే చాలామందికి తగాదాలు వస్తాయి. మా అసోసియేషన్ లిఫ్టులో మట్టి బస్తాలు ఒప్పుకోలేదు. ఇద్దరు ఆడకూతుళ్లు తట్టలతో మెట్లమీంచి దింపారు. వాళ్ల కూలి మేస్త్రి లెక్కలో కలపకుండా విడిగా, ఏ రోజుది ఆ రోజు నేనే చేతికిచ్చాను. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా సుత్తి ఆపాలని, పై ఇంట్లో ఇంటర్ చదివే పిల్లాడి పరీక్షలు అయ్యాకే మొదలుపెట్టాలని ముందే అందరితో మాట్లాడుకున్నాం.

తవ్వితే ఇటుక ముక్కలు నల్లగా, తడిగా, వాసన కొడుతూ వచ్చాయి. పాత ఇనప పైపు చేత్తో నొక్కితే పెచ్చులూడింది. అన్నీ తీసి శ్లాబు కడిగి, ఫ్యాన్ పెట్టి ఆరబెట్టారు. అక్కడ నేను తొందరపడి ఉంటే పాడయ్యేది. మేస్త్రి గారు నా మొహం చూసి, "తడి మీద సేస్తే పట్టదమ్మా. ఆరనీండి" అని, నా ఫోన్ వచ్చేదాకా ఎదురుచూడకుండా రోజూ సాయంత్రం వచ్చి చెయ్యి పెట్టి చూసి వెళ్లేవారు.

ఆరాక పగుళ్లు నింపారు. గోడా నేలా కలిసే మూలల్ని సిమెంటుతో గుండ్రంగా తిప్పారు. మూల సూదిగా ఉంటే పూత అక్కడే పగులుతుందట. పైపులు శ్లాబులోంచి దూరే చోట జాలీ గుడ్డ చుట్టి, దాని మీద వాటర్‌ప్రూఫ్ పూత ఒకసారి అడ్డంగా, అది ఆరాక ఇంకోసారి నిలువుగా వేశారు. గోడల మీద అడుగు ఎత్తు వరకూ, షవర్ ఉన్న గోడకి ఆరడుగుల వరకూ. తర్వాత గుంట నిండా నీళ్లు పెట్టి, మట్టం దగ్గర గీత గీసి 48 గంటలు వదిలేశారు. ఈ పరీక్ష చేయనన్న మేస్త్రిని మాత్రం ఎంత తెలిసినవాడైనా పంపేయండి. మాస్టారు పొద్దున్నా రాత్రీ టార్చి పట్టుకుని తన శ్లాబు చూసుకుని, పైకి వచ్చి ఆ గీత కూడా చూసి వెళ్లేవారు. గుంట నింపి పైన నేల వేశాక ఇంకోసారి పూత, ఇంకోసారి నీళ్లు.

వేడినీళ్లకి సీపీవీసీ, చన్నీళ్లకి యూపీవీసీ ప్లాస్టిక్ పైపులు వేశారు. టైల్స్ కప్పకముందే పైపుల్లో ఒత్తిడి పెట్టి ప్రతి జాయింటూ చూశారు. గోడ పక్కన టేపు సాగదీసి పట్టుకుని, ఏ పైపు నేల నుంచి ఎంత ఎత్తులో పోతోందో నేను ఫోటోలు తీసి పెట్టుకున్నాను. అత్తయ్య పట్టుకుని లేవడానికి స్టీలు కడ్డీ బిగించేటప్పుడు డ్రిల్లు పైపు మీద పడకుండా కాపాడింది ఆ ఫోటోలే. గీజర్‌కి విడిగా వైరు, ఎర్తింగు, 16 ఆంపియర్ల ప్లగ్గు పెట్టించాం. బోర్డులో 30 మిల్లీఆంపియర్ల కరెంటు లీకైనా సప్లై ఆపేసే ఆర్‌సీసీబీ కూడా. నీళ్లూ కరెంటూ ఒకచోట ఉన్న గదిలో దీని దగ్గర డబ్బు మిగుల్చుకోవద్దు.

టైల్స్ షాపులో గుజరాత్‌లోని మోర్బీ నుంచి వచ్చినవి గోడల నిండా ఉన్నాయి. అందరూ రెండడుగులు బై నాలుగడుగుల పెద్ద టైల్స్ తీసుకోమన్నారు. నేలకి మాత్రం అడుగు బై అడుగు గరుకువి తీసుకున్నాను. పెద్ద టైల్‌తో నీళ్లు ట్రాప్ వైపు పోయేలా నాలుగు పక్కల నుంచీ వాటం ఇవ్వాలంటే ముక్కలు కోయాల్సిందే. గరుకు ఎంతుందో చూడటానికి షాపులోనే శాంపిల్ మీద నీళ్లు పోయించి చెప్పు విప్పి అరికాలుతో రుద్ది చూశాను. ఏడడుగుల పొడవుకి అంగుళం పైన వాటం పెట్టారు. అయ్యాక మా పిల్లాడి గోళీ తెచ్చి నాలుగు మూలల్లో వదిలి చూశారు. ఒక మూల ఆగింది. నేను అడగకముందే ఆ రెండు టైల్స్ లేపి మళ్లీ వేశారు. విట్రిఫైడ్ టైల్ నీళ్లు దాదాపు పీల్చదు, అందుకని ఉత్త సిమెంటు పాలతో అది గట్టిగా పట్టదు. వాటం వరకూ సిమెంటు, దాని మీద టైల్ అంటించడానికి అడెసివ్ వాడారు.

ఇంకొకటి. పెద్దవాళ్లున్న ఇంట్లో బాత్రూమ్ తలుపు బయటికి తెరుచుకునేలా పెట్టించండి. లోపల ఎవరైనా పడిపోతే లోపలికి తెరిచే తలుపుకి మనిషే అడ్డమవుతారు. గడియ కూడా బయటి నుంచి నాణెంతో తిప్పి తీయగలిగేది దొరుకుతుంది. మా అత్తయ్య ఇప్పుడు లోపల గడియ వేసుకుంటున్నారు. అంతకుముందు భయంతో తలుపు దగ్గరగా వేసుకుని నన్ను బయట నిలబడమనేవారు.

మాస్టారి శ్లాబులో బయటపడిన చువ్వకి తుప్పు గీకించి, పూత వేయించి, ప్యాచ్ చేసి, గోడ ఆరాక రంగు వేయించాం. ఆ ఖర్చు మాదే. ఆయన వద్దన్నారు గానీ, నీళ్లు మా ఇంటివి.

మేస్త్రి ఎప్పుడు దొరుకుతారనేది కూడా తెలిసి ఉండాలి. మన జిల్లా నుంచి పనితనం ఉన్న తాపీవాళ్లు, టైల్స్‌వాళ్లు హైదరాబాద్ వెళ్లిపోతారు. అక్కడ పని వరసగా ఉంటుంది. ఉన్నవాళ్లు ఉడుపులప్పుడు, కోతలప్పుడు ఊళ్లకి పోతారు. దసరా దాటిన మంగళవారం మా ఊళ్లో పైడితల్లమ్మ సిరిమాను పండగ. ఆ ముందూ వెనకా పని జరుగుతుందని ఆశ పెట్టుకోవద్దు. కానీ హైదరాబాద్ వెళ్లినవాళ్లు పైడితల్లమ్మ పండక్కీ సంక్రాంతికీ ఇంటికి వస్తారు. మాట్లాడుకోవడానికి అదే సమయం. ఇల్లు చూపించి, నోటుబుక్కులో రాసుకుని, తేదీ ఖాయం చేసుకోవాలి.

మా మేస్త్రి గారు ఇప్పుడు హైదరాబాద్‌లోనే ఉన్నారు. కనుమ వెళ్లాక మాస్టారి బాత్రూమ్ మొదలుపెడతారు. దాని తర్వాత మా వంటగది గట్టు. దానికి టెక్కలి నీలం గ్రానైట్ వేయించాలని ఉంది. తోటపాలెం ఆవిడ వంటింట్లో అదే రాయి ఉంది. నిమ్మరసం, పసుపు మరకలు పట్టాయా లేదా అని వచ్చే ఆదివారం వెళ్లి చూసి వస్తాను.