ఒప్పుకున్న తరువాత విజేతల పట్టికలో ఏం రాయాలి

ఏటా ఫ్రాన్స్‌లో జరిగే పెద్ద సైకిల్ పందెం టూర్ డి ఫ్రాన్స్ విజేతల పట్టికను పైనుంచి కిందికి చదువుకుంటూ వస్తే 1996 ఎదురుగా డెన్మార్క్‌కు చెందిన బ్యార్నె రీస్ పేరు కనిపిస్తుంది. ఆ పందెం గెలిచేనాటికి తాను నిషేధిత మందు వాడుతున్నానని 2007 మే నెలలో ఆయనే విలేకరులను పిలిచి చెప్పాడు. ఇంకొంచెం కిందికి వస్తే 1999 నుంచి 2005 వరకు ఏడు సంవత్సరాల ఎదురుగా ఎవరి పేరూ ఉండదు. అక్కడ ఉండిన అమెరికా సైక్లిస్టు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ పేరును 2012లో తొలగించారు. ఇద్దరూ వాడిన మందుల్లో ప్రధానమైనది ఒకటే, ఇద్దరూ ఏళ్ల తరబడి నిజం దాచినవారే. అయినా ఒకరి గెలుపు నిలిచింది, మరొకరివి పోయాయి. ఈ తేడాకు కారణం నియమాల్లో దొరుకుతుంది గాని న్యాయంలో దొరకదని నా అభిప్రాయం.

ఆ మందు పేరు ఎరిత్రోపాయిటిన్, పొట్టిగా ఈపీవో. డయాలసిస్‌కు వెళ్లే మనిషి ఉన్న ఏ ఇంట్లో అడిగినా ఈ ఇంజెక్షన్ సంగతి చెబుతారు. ఎముకల మూలుగ చేత ఎర్రకణాలు తయారు చేయించే హార్మోన్ ఇది. మూత్రపిండాలు బాగుంటే శరీరమే దాన్ని సమకూర్చుకుంటుంది, అవి దెబ్బతిన్నవారికి బయటినుంచి ఇవ్వాలి. మా పెదనాన్నగారికి డయాలసిస్ జరిగిన కాలంలో, మందుల షాపులో ఐస్ ప్యాక్ మధ్య పెట్టి ఇచ్చిన ఆ చిన్న అట్టపెట్టెను ఎండ తగలకుండా ఇంటికి తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టడం నా పనిగా ఉండేది. రక్తపరీక్ష కాగితం చేతికి రాగానే ఆయన మొదట హిమోగ్లోబిన్ చూసుకునేవారు, ఆ తరువాత పీసీవీ అని రాసి ఉన్న వరుస చూసుకునేవారు. రక్తంలో ఎర్రకణాల వాటా ఎంత శాతమో చెప్పే అంకె అది. ఆరోగ్యంగా ఉన్న మగవారికి సుమారుగా 40కీ 50కీ మధ్య ఉంటుంది. ఆయనది 30 దాటిన రోజున ఇంట్లో అందరి ముఖాలూ తేటపడేవి.

1990లలో ఐరోపా సైక్లిస్టులు అదే ఇంజెక్షన్‌ను, ఏ లోపమూ లేని ఒంటికి, ఆ అంకెను 50 దాటించడానికి వాడారు. ఎర్రకణాలు పెరిగితే కండరాలకు ఆక్సిజన్ ఎక్కువగా అందుతుంది, కొండ ఎక్కేటప్పుడు పక్కవాడికి ఊపిరి ఆడని చోట ఇతడు ఇంకా వేగం పెంచగలడు. రక్తం మరీ చిక్కబడితే ప్రాణం మీదికి రావచ్చు. 1997లో అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య, 50 శాతం దాటినవారిని కొంతకాలం పోటీకి దూరంగా ఉంచాలని నియమం పెట్టింది. మందును నేరుగా పట్టగల పరీక్ష 2000 సిడ్నీ ఒలింపిక్స్ దాకా వాడుకలోకి రాలేదు. ఆ మధ్యకాలంలో అంకెను 50కి కాస్త కిందనే నిలుపుకోవడం, పరీక్ష చేసేవారు వచ్చారని తెలిస్తే సెలైన్ ఎక్కించుకొని రక్తాన్ని పలచన చేసుకోవడం చాలా జట్లలో నిత్యకృత్యంగా మారాయి. పెదనాన్నగారి మందు పెట్టె తెచ్చిన చేతులతో ఈ సంగతులు చదివినప్పుడు నాకు కలిగిన కోపం ఇప్పటికీ తగ్గలేదు.

1996 జూలైలో పిరనీస్ పర్వతాల్లో ఓటకామ్ ఎక్కుడు మీద జరిగింది చాలామందికి గుర్తుంటుంది. ముందు గుంపులో ఉన్న రీస్ కావాలనే వెనక్కి జారి, పోటీదారుల ముఖాలను పరికించి చూసి, ఎవరెంత అలసిపోయారో అంచనా వేసుకొని, మళ్లీ అందరినీ దాటుకొని వెళ్లిపోయాడు. వరుసగా అయిదుసార్లు గెలిచిన మిగెల్ ఇందురాయిన్ ఆ రోజు బాగా వెనకబడ్డాడు. ఆ ఏడాది పారిస్‌లో రీస్ పక్కన రెండో స్థానంలో నిలబడినవాడు యాన్ ఉల్రిచ్, మూడో స్థానంలో నిలబడినవాడు రిషార్ విరాంక్. విరాంక్ 1998లో తన ఫెస్టినా జట్టు కారులో నిషేధిత మందులు దొరికి వ్యవహారం బయటపడినప్పటినుంచి కాదు కాదంటూ వచ్చి, 2000లో లిల్ నగర న్యాయస్థానంలో తలవంచాడు. ఉల్రిచ్ 2013లో కొంత ఒప్పుకొని, మిగిలినది 2023లో చెప్పాడు. అంటే ఆ వేదిక మీది ముగ్గురూ తమ ఆటజీవితంలో మందులు వాడామని తమ నోటితోనే చెప్పినవారు. ముగ్గురి స్థానాలూ ఈనాటికీ పట్టికలో అలాగే ఉన్నాయి.

రీస్ ఒప్పుకున్నప్పుడు, విజేతగా తనకిచ్చిన పసుపు జెర్సీ ఇంట్లో ఒక అట్టపెట్టెలో పడి ఉందని, కావలసినవారు వచ్చి తీసుకుపోవచ్చని అన్నాడు. పందెం నిర్వాహకులు ఆయన పేరును తమ జాబితాలోంచి తీసివేశారు, మరుసటి ఏడాదే ఒప్పుకోలును తెలిపే గమనికతో తిరిగి చేర్చారు. ఎందుకంటే డోపింగ్ నిరోధక నియమావళిలో ఉల్లంఘన జరిగిన ఎనిమిదేళ్ల తరువాత చర్య తీసుకునే వీలు అప్పట్లో లేదు. 2015 నియమావళితో దాన్ని పదేళ్లకు పెంచారు. కాలపరిమితి ఉండడాన్ని నేను తప్పుపట్టను. సాక్షుల జ్ఞాపకం చెదిరిపోతుంది, కాగితాలు పోతాయి, పాతికేళ్ల కిందటి ఆరోపణకు ఎవరైనా ఏం జవాబు చెప్పుకోగలరు? కాని నిందితుడే స్వయంగా ఒప్పుకున్న చోట ఈ కారణాల్లో ఏ ఒక్కటీ వర్తించదు. ఒప్పుకోలు ముందు కాలపరిమితికి పని ఏమిటన్నది నాకు ఎంత ఆలోచించినా అంతుపట్టని విషయం.

ఆర్మ్‌స్ట్రాంగ్ విషయంలో ఆ గడియారాన్ని ఆపగలిగారు. ప్రమాణం చేసి అబద్ధం చెప్పి, సాక్షులను భయపెట్టి నిజాన్ని తొక్కిపెట్టినవాడికి కాలపరిమితి అండగా నిలవదని అమెరికా డోపింగ్ నిరోధక సంస్థ వాదించి, 1998 ఆగస్టు 1 తరువాతి ఫలితాలన్నిటినీ రద్దు చేసింది. 26 మంది ప్రమాణపూర్వకంగా ఇచ్చిన సాక్ష్యాలు అందులో ఉన్నాయి, వారిలో 11 మంది ఆయన జట్టులో ఆడినవారే. 2012 అక్టోబరు 22న అంతర్జాతీయ సమాఖ్య ఆ నిర్ణయాన్ని ఆమోదించింది. ఆయన టెలివిజన్‌లో ఓప్రా విన్‌ఫ్రీ ఎదుట కూర్చొని ఒప్పుకున్నది ఆ తరువాత, 2013 జనవరిలో. రీస్ తన టైటిల్‌ను ఎవరూ తీసుకోలేని స్థితికి చేరాక మాట్లాడాడు, ఆర్మ్‌స్ట్రాంగ్ తీసుకోవడానికి టైటిల్ ఏదీ మిగలనప్పుడు మాట్లాడాడు. పోగొట్టుకునేది ఇంకా చేతిలో ఉండగా మాట్లాడినవారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

అలాంటివారిలో అమెరికా సైక్లిస్టు టైలర్ హామిల్టన్ కథ ఈ చిక్కునంతా ఒకచోట చూపిస్తుంది. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో, ఒక్కొక్కరూ విడిగా గడియారంతో పోటీపడే టైమ్ ట్రయల్‌లో ఆయనకు స్వర్ణం వచ్చింది. ఇతరుల రక్తం ఎక్కించుకున్నాడని మొదటి నమూనాలో తేలింది గాని, రెండో నమూనాను పొరపాటున గడ్డకట్టించడంతో అది పరీక్షకు పనికిరాకుండా పోయి, పతకం ఆయనకే మిగిలింది. 2011లో ఆయన అన్నీ ఒప్పుకొని ఆ పతకాన్ని తానే అప్పగించాడు. 2012 ఆగస్టులో, ఎనిమిదేళ్ల గడువు ముగియడానికి కొద్ది రోజుల ముందు, అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ దాన్ని అధికారికంగా రద్దు చేసి, రెండో స్థానంలోని రష్యా వీరుడు ఎకిమోవ్‌కు స్వర్ణం, మూడో స్థానంలోని బాబీ జూలిక్‌కు రజతం, నాలుగో స్థానంలోని ఆస్ట్రేలియా ఆటగాడు మైకేల్ రోజర్స్‌కు కాంస్యం ప్రకటించింది. రెండున్నర నెలలకే, 1996 నుంచి 1998 వరకు తానూ ఈపీవో వాడానని జూలిక్ వెల్లడించాడు. ఆ సంవత్సరాలు ఏథెన్స్‌కు ముందువి కాబట్టి రజతానికి ఏ లోటూ రాలేదు. రోజర్స్‌కు ఇలా ఆలస్యంగా అందడం అది మొదటిసారి కూడా కాదు. 2003 ప్రపంచ టైమ్ ట్రయల్ గెలిచిన డేవిడ్ మిల్లర్ మరుసటి ఏడాది ఫ్రెంచి పోలీసుల ముందు ఒప్పుకున్నాక, ఆ టైటిల్ కూడా రెండో స్థానంలోని రోజర్స్‌కే వెళ్లింది. గెలిచిన రోజున వేదిక ఎక్కవలసిన మనిషికి, ఆ తరువాత కాగితం మీద విజేత అని చెప్పడంలో ఎంత మిగిలి ఉంటుందో ఆయనకు తెలిసినంతగా మరొకరికి తెలియకపోవచ్చు.

మా వీధిలో ఇంటర్ చదివే ఒక కుర్రాడు ఈమధ్య నాతోపాటు కొండవీడు ఘాట్ రోడ్డు ఎక్కడానికి వస్తున్నాడు. ఒక ఆదివారం పైన చెరువు గట్టు దగ్గర నీళ్లు తాగుతూ అడిగాడు, "అయితే బాబాయ్, ఆ ఏడేళ్లూ ఎవరు గెలిచినట్టు?" ఎవరూ గెలవనట్టే అన్నాను. "అదేంటి, రెండో వాడికి ఇచ్చేయొచ్చుగా?" అన్నాడు. రెండో వాళ్ల పేర్లు నేను చెప్పుకుంటూ వెళ్లాను. 1999లో అలెక్స్ జుల్లే, ఫెస్టినా వ్యవహారంలో ముందే ఒప్పుకున్నవాడు. 2000, 2001, 2003లలో ఉల్రిచ్. 2005లో ఇవాన్ బాస్సో, స్పెయిన్ రక్తనిల్వల కేసులో ఇరుక్కొని నిషేధం అనుభవించినవాడు. కుర్రాడు కాసేపు మాట్లాడలేదు. "మరి మూడో వాడు?" అని మెల్లగా అడిగాడు.

2012 అక్టోబరు 26న అంతర్జాతీయ సమాఖ్య ఆ ఏడు టైటిళ్లనూ ఎవరికీ ఇవ్వకూడదని తీసుకున్న నిర్ణయం సరైనదని నేను నమ్మడానికి కారణం ఇదే. ఫ్లాయిడ్ లాండిస్ 2006 గెలుపు పోయినప్పుడు ఆస్కార్ పెరేరోకు, కాంటడార్ 2010 గెలుపు పోయినప్పుడు ఆండీ ష్లెక్‌కు టైటిల్ బదలాయించారు. ఒక్క ఏడాది సంగతైతే అది కుదురుతుంది. పోటీ మొత్తం కలుషితమైన కాలంలో మాత్రం, పై పేరు కొట్టి కింది పేరు రాస్తే, మరొక ఒప్పుకోలు వచ్చేదాకా నిలిచే అబద్ధం అవుతుంది.

ఈ విషయం ఫ్రాన్స్‌దే కదా, మనకెందుకు అనేవారికి ఒక మాట చెప్పాలి. గుంటూరు బ్రహ్మానందరెడ్డి స్టేడియంలో పొద్దున్నే పరుగులు తీసే పిల్లల తల్లిదండ్రులను కదిపి చూడండి. పతకం వెంట వచ్చే ధ్రువపత్రం క్రీడా కోటాలో ఇంజనీరింగ్ సీటు, మెడికల్ సీటు, ప్రభుత్వ ఉద్యోగం. వాటికి కౌన్సెలింగ్ ఉంటుంది, చివరి తేదీ ఉంటుంది. మందు వాడి మూడో స్థానం తెచ్చుకున్నవాడు అయిదేళ్లకు దొరికినా, పదేళ్లకు ఒప్పుకున్నా, నాలుగో స్థానంలో మిగిలిన పిల్లకు పతకం పోస్టులో వస్తుందేమో గాని ఆ సీటు రాదు. ఆ సీట్లో కూర్చొని ఎవరో డిగ్రీ కూడా పుచ్చుకొని ఉంటారు. ఫలితం సవరించినప్పుడు, నాలుగో స్థానంవారికి వయోపరిమితి సడలించి ఒక్క అవకాశం ఇచ్చే నియమం మన దగ్గర ఉండాలని గట్టిగా కోరుకుంటున్నాను.

ఒప్పుకున్నవారి పట్ల ఎలా ఉండాలన్నది ఇంకా కష్టమైన ప్రశ్న. నిజం చెబితే సర్వం పోతుందని తెలిస్తే ఎవరూ నోరు విప్పరు. ఆర్మ్‌స్ట్రాంగ్ జట్టులో ఒకప్పుడు ఆడిన లాండిస్, అక్కడి డోపింగ్‌ను బయటపెడుతూ 2010లో రాసిన ఉత్తరాలే లేకపోతే ఆర్మ్‌స్ట్రాంగ్ కేసు అంత దూరం వెళ్లేది కాదు. అందుకే నిషేధ కాలాన్ని తగ్గించడం, బహుమతి సొమ్ము తిరిగి అడగకపోవడం వంటి సడలింపులు నాకు సమ్మతమే. ఆ సడలింపు టైటిల్ దాకా వెళ్లకూడదు. మందు ఎవరు తెచ్చారు, ఏ వైద్యుడు మోతాదు చెప్పాడు, జట్టు యాజమాన్యంలో ఎవరికి తెలుసు అన్నవి చెప్పకుండా "నేను వాడాను, క్షమించండి" అని ఊరుకునే ఒప్పుకోలుకు ఏ సడలింపూ ఇవ్వనక్కర లేదు. 2007లో జర్మనీ సైక్లిస్టు ఎరిక్ జాబెల్ కంటతడి పెట్టుకొని, 1996లో ఒక్క వారం మాత్రమే వాడానని చెప్పాడు. 2013లో ఫ్రెంచి సెనేట్ నివేదిక వచ్చిన తరువాతగాని, ఏళ్ల తరబడి వాడిన సంగతి చెప్పలేదు.

ఆ నివేదికలోనే 1998 పందెంలో దాచిన మూత్రనమూనాలను తరువాత పరీక్షిస్తే విజేత మార్కో పంతానీకి, రెండో స్థానంలోని ఉల్రిచ్‌కు ఈపీవో ఆనవాళ్లు కనిపించాయని ఉంది. పంతానీ 2004 ఫిబ్రవరిలోనే చనిపోయాడు. తనను తాను సమర్థించుకోలేని మనిషి పేరు కొట్టివేయడం నాకు ఇష్టం లేదు. పేరు పక్కన, 1998 నమూనాల్లో తేలినది ఇది అని ఒక్క వాక్యం రాస్తే చాలు. రీస్ పేరు పక్కనా, ఉల్రిచ్ 1997 గెలుపు పక్కనా వారి ఒప్పుకోళ్లను తేదీలతో సహా అలాగే రాయాలి, ఆ గమనిక ఏ కాలంలోనూ తొలగించకూడదు.

ఇంకొక వాక్యం కూడా రాయవలసి ఉంది. ఫెస్టినా జట్టులో మందు ముట్టనివాడు క్రిస్టోఫ్ బాసోన్స్ అని ఆ జట్టువారే విచారణలో చెప్పారు. 1999 పందెంలో ఆయన ఒక ఫ్రెంచి పత్రికకు రోజూ రాస్తూ, డోపింగ్ ఆగలేదని బాహాటంగా అన్నాడు. ఆల్ప్ ద్యూయెజ్ కొండ వైపు వెళ్లే రోజు పందెంలో ఆర్మ్‌స్ట్రాంగ్ పక్కకు వచ్చి ఇంటికి పొమ్మన్నాడు. తోటివారు మాట్లాడడం మానేశారు. రెండు రోజులకు బాసోన్స్ పందెం విడిచిపెట్టాడు, 2001లో వృత్తి సైక్లింగ్‌నే మానుకున్నాడు. ఆ ఏటి ఫలితాల్లో మధ్యలో తప్పుకున్నవారి జాబితాలో ఆయన ఒక పేరు, అంతే. విజేత వరుసను ఖాళీ చేసినవారు, ఆ జాబితాలో బాసోన్స్ పేరు పక్కన ఆయన ఎందుకు తప్పుకోవలసి వచ్చిందో కూడా రాయాలి.