తోమా అడిగిన దారి

ఉద్యోగం కోసం చెన్నైకి వచ్చిన కొత్తలో, రేపు ఏమవుతుందోనన్న దిగులు నన్ను రాత్రుళ్లు నిద్రపోనిచ్చేది కాదు. ఒక ఆదివారం ఆరాధన ముగిశాక మా తెలుగు సంఘంలోని పెద్దావిడ ఒకరు నన్ను పరంగిమలై (సెయింట్ థామస్ మౌంట్) అనే కొండకు తీసుకువెళ్లారు. కొండపైన 1523లో పోర్చుగీసువారు కట్టించిన చర్చి ఉంది. యేసు శిష్యుల్లో ఒకడు, అపొస్తలుడు అయిన తోమా అక్కడే ప్రాణమర్పించాడని సంప్రదాయం చెబుతుంది. నీవు వెళ్లే చోటే మాకు తెలియనప్పుడు మార్గమెలా తెలుస్తుందని యేసును అడిగినవాడు ఈ తోమాయే. ప్రభువు అతనికి దారి గుర్తులేవీ చెప్పలేదు, తానే మార్గమన్నాడు. చివరిదాకా కనిపించని దారిలోనైనా, నడిపించేవాడు తెలిసినవాడైతే అడుగు వేయవచ్చునన్న ధైర్యం ఆ జవాబు నాకిచ్చింది.

బైబిలులో యిర్మీయా 6:16లో దేవుడు, పురాతన మార్గాలను విచారించి మేలైన దారిలో నడిస్తే నెమ్మది కలుగుతుందని చెప్పగా, ప్రజలు నడవబోమన్నారు. మత్తయి 11లో యేసు అదే నెమ్మదిని మళ్లీ వాగ్దానం చేస్తూ తన కాడి ఎత్తుకొమ్మన్నాడు. విశ్రాంతినిస్తానంటూనే కాడినీ ఇచ్చాడన్న సంగతి నాకెంతో ప్రియమైనది, ఎందుకంటే నా పనులూ బాధ్యతలూ ఉండగానే ఆ విశ్రాంతి నాకు దొరికింది.

ఇప్పుడు ఉదయాన్నే లోకల్ రైలులో ఒక కీర్తన చదువుకొని, ఆ రోజు క్షమించవలసిన సహోద్యోగి విషయంలోనైనా, తీర్చవలసిన బాకీ విషయంలోనైనా ఆయన చెప్పినట్లు చేయాలని ప్రార్థిస్తున్నాను. రేపటి సంగతి ఇంకా తేలలేదు, అయినా మనసు కుదుటపడింది. దేవునికి స్తోత్రం.