వీవీప్యాట్ స్లిప్పుల లెక్కింపు: నా అనుభవం

2024 జూన్ 4న మా నియోజకవర్గం కౌంటింగ్‌లో నాకు పడిన డ్యూటీ వీవీప్యాట్ స్లిప్పులు లెక్కించడం. ఓటింగ్ మెషీన్‌కు తగిలించే ప్రింటర్ వీవీప్యాట్; ఓటు ఎవరికి పడిందో ఒక చిన్న స్లిప్పు మీద ముద్రిస్తుంది. నేను హైస్కూల్ టీచర్ని. పోలింగ్ డ్యూటీలు చాలానే చేశాను గానీ, ఈ పని అదే మొదటిసారి. ఆంధ్రప్రదేశ్‌లో అసెంబ్లీకి, లోక్‌సభకు మే 13న ఒకేసారి పోలింగ్ జరిగింది కదా, అందుకని మెషీన్లు రెండేసి సెట్లు. మాది అసెంబ్లీ వైపు.

పొద్దున మాకు పనేమీ లేదు. ముందు పోస్టల్ బ్యాలెట్లు, తర్వాత రౌండ్లవారీగా కంట్రోల్ యూనిట్ల (ఓటింగ్ మెషీన్‌లో ఓట్లు నమోదయ్యే భాగం) లెక్క. అవన్నీ పూర్తయ్యాకే మా వంతు. అప్పటికి ఎవరు గెలిచారో అందరికీ తెలిసిపోయింది. గెలిచినవాళ్ల ఏజెంట్లు ఊరేగింపుకు, ఓడినవాళ్ల ఏజెంట్లు ఇళ్లకు వెళ్లిపోగా హాలు సగం ఖాళీ అయింది. నాకు బాధ కలిగింది ఇక్కడే. ఓటరు బటన్ నొక్కాక గాజు కిటికీలో ఏడు సెకన్లు కనబడి, తెగి పెట్టెలో పడే కాగితం ఈ స్లిప్పు. మెషీన్ చెప్పిన లెక్క నిజమో కాదో చేత్తో చూసుకోవడానికి మనకున్న ఆధారం అదొక్కటే. దాన్ని బయటికి తీసేసరికి చూసేవాళ్లు లేకపోతే ఎలా? 2019లో ప్రతిపక్షాలు స్లిప్పులే ముందు లెక్కించమని అడిగితే ఎన్నికల సంఘం ఒప్పుకోలేదు. వాళ్లు అడిగింది న్యాయమేనని నాకు గట్టిగా అనిపిస్తుంది.

రిటర్నింగ్ అధికారి బూత్ నంబర్లు రాసిన కార్డులు మడిచి డబ్బాలో వేసి, బాగా కలిపి, మిగిలిన ఏజెంట్ల ఎదుటే ఐదు తీశారు. ఆ ఐదు బూత్‌ల స్లిప్పులే లెక్కిస్తారు. మొదట్లో నియోజకవర్గానికి ఒక్క బూత్ స్లిప్పులే లెక్కించేవారు. చంద్రబాబు నాయుడు, మరో 20 మంది ప్రతిపక్ష నేతలు సగం బూత్‌లు లెక్కించాలని కోర్టుకు వెళితే, 2019 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని ఐదు చేసింది.

లెక్కింపుకు హాల్లోనే చుట్టూ మెష్ బిగించిన ఒక చోటు, అందులో అభ్యర్థికొక గడి చొప్పున రాక్. మొదటి పెట్టె తెరిచి, విడదీయకముందే మొత్తం కాగితాలు లెక్కపెట్టాం. కంట్రోల్ యూనిట్‌లో ఉన్న ఓట్లకన్నా ఏడు ఎక్కువ వచ్చాయి. మెష్ అవతల కుర్ర ఏజెంట్ ఒకడు పైకి లేచాడు. "మేడం, ఓట్లకన్నా స్లిప్పులెలా ఎక్కువొస్తాయి?" మా సూపర్‌వైజర్ మేడం కోప్పడలేదు. "ఉండు బాబూ, చూపిస్తాను" అని ఆ ఏడూ వెతికి తీసి, ఒక్కొక్కటీ మెష్ దగ్గర పెట్టి చూపించారు. వాటి మీద అభ్యర్థి పేరూ లేదు, గుర్తూ లేదు. వీవీప్యాట్ ఆన్ చేయగానే తనను తాను పరీక్షించుకుంటూ వేసే స్లిప్పులవి, వాటిని ఓట్లలో కలపరు. అతను తృప్తిగా కూర్చున్నాడు. ఆ రెండు నిమిషాలు ఓపిక పట్టకపోయి ఉంటే బయట ఏ పుకారు పుట్టేదో!

నాకు అసలు టెన్షన్ మాక్ పోల్ (నమూనా పోలింగ్) స్లిప్పుల గురించి. పోలింగ్ మొదలయ్యే గంటన్నర ముందు ఏజెంట్ల సమక్షంలో కనీసం 50 ఓట్లు వేసి చూస్తారు. తర్వాత బూత్ బాధ్యత చూసే ప్రిసైడింగ్ ఆఫీసర్ కంట్రోల్ యూనిట్‌లో ఆ ఓట్లు క్లియర్ చేయాలి, వీవీప్యాట్ పెట్టెలోని స్లిప్పులు తీసి వెనక మాక్ పోల్ ముద్ర వేసి నల్ల కవర్లో సీల్ చేయాలి. నిద్రలేని కళ్లతో, తెల్లవారుజామున చేసే పని. ఇందులో ఒక్కటి మరిచినా మా లెక్క కుదరదు. ఐదు బూత్‌లలోనూ వాళ్లు పద్ధతిగా చేశారు. ఆ ప్రిసైడింగ్ ఆఫీసర్లెవరో నాకు తెలియదు గానీ, వాళ్లకు దండం పెట్టాలనిపించింది.

మూడో పెట్టె దగ్గర ఒక అభ్యర్థికి ఒక స్లిప్పు తగ్గింది. ఏటీఎం రసీదు లాంటి పల్చటి కాగితం, చుట్టుకుపోతుంటుంది. 25 చొప్పున కట్టిన కట్టలన్నీ విప్పి మళ్లీ లెక్కించాం. ఒక కట్టలో రెండు అంటుకుని 26 ఉన్నాయి. లెక్క సరిపోయింది. అప్పటికీ సరిపోకపోతే? నిబంధన ప్రకారం మెషీన్ అంకె పక్కకు పోతుంది, కాగితం లెక్కే నిలుస్తుంది. ఈ సంగతి చెబితే ఆ కుర్రాడు నమ్మలేకపోయాడు. "మరి అన్ని బూత్‌లవీ ఎందుకు లెక్కించరు సార్?" అన్నాడు. అంతకు కొద్ది వారాల ముందే, ఏప్రిల్ 26న, సుప్రీంకోర్టు ఆ కోరికను తోసిపుచ్చింది. కాకపోతే రెండు, మూడు స్థానాల్లో నిలిచినవాళ్లు ఫలితం వచ్చిన ఏడు రోజుల్లోగా, ఖర్చు తామే పెట్టుకుని, నియోజకవర్గంలో 5 శాతం మెషీన్ల మెమరీ తనిఖీ చేయించుకోవచ్చంది. అతను అది కాగితం మీద రాసుకున్నాడు.

పెట్టెకు గంట చొప్పున పట్టింది. ప్రతి పెట్టె లెక్కా కాగితం మీదికెక్కించి, ఏజెంట్లతో సంతకాలు చేయించి, స్లిప్పులు మళ్లీ పెట్టెలో పెట్టి సీల్ వేశాం. ఐదోది కూడా సరిపోయాకే రిటర్నింగ్ అధికారి ఫలితం ప్రకటించారు. ఆ కుర్రాడి పార్టీ ఓడిపోయింది. అయినా చివరి సంతకం దాకా ఉన్నాడు.