హాట్‌ప్యాక్‌కీ పర్మిషన్

2018లో మావారి ప్రాజెక్టు మారి టెక్సాస్ నుంచి కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోకి వచ్చేశాం. జబ్బు చేసినవాళ్లు, దెబ్బ తగిలినవాళ్లు రోజువారీ పనులు మళ్లీ చేసుకునేలా సాయపడే ఆక్యుపేషనల్ థెరపిస్టుని నేను. అప్పటికి నాకు ఆరేళ్ల అనుభవం. ఈ వృత్తిలోకి రావడానికి రాసే ఎన్‌బీసీఓటీ పరీక్ష దేశమంతటికీ ఒక్కటే, లైసెన్స్ మాత్రం ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే ఇవ్వాలి. మళ్లీ దరఖాస్తు, మళ్లీ వేలిముద్రలు, టెక్సాస్ బోర్డు నుంచి ధ్రువీకరణ. అదంతా ముందే తెలుసు కాబట్టి ఓపిక పట్టాను.

తెలియనిది వేరే ఉంది. ఇక్కడ లైసెన్స్ చేతికొచ్చాక కూడా మూడు పనులకు విడిగా అనుమతి తెచ్చుకోవాలి. హ్యాండ్ థెరపీ ఒకటి, మింగడంలో ఇబ్బందికి చేసే థెరపీ ఒకటి, వేడి, కరెంటు, అల్ట్రాసౌండ్ లాంటివి వాడటం ఒకటి. ఈ చివరిదానికి అప్పుడు 30 గంటల చదువు, పర్యవేక్షణలో 240 గంటల పని చూపించమన్నారు.

నా మొదటి పేషెంట్లలో ఒక మెక్సికన్ పెద్దావిడ ఉండేది. స్ట్రోక్ వచ్చి కుడి పిడికిలి బిగుసుకుపోయింది, అరచేతిలో గోళ్ల గుర్తులు. స్పర్శ మాత్రం బాగానే ఉంది. మనవలకి మళ్లీ టోర్టియాలు, అంటే మొక్కజొన్న రొట్టెలు, చేసి పెట్టాలి, ఆవిడ కోరిక అదొక్కటే. టెక్సాస్‌లో అయితే తువ్వాలు చుట్టిన హాట్‌ప్యాక్ కాసేపు ఉంచి, బొటనవేలి మొదలు పట్టుకుని మెల్లగా బయటికి తీసేదాన్ని. మిగతా వేళ్లు ఒక్కొక్కటే వదులయ్యేవి. ఇక్కడ హాట్‌ప్యాక్‌ల తొట్టి నాలుగడుగుల దూరంలోనే ఉన్నా ముట్టుకోకూడదు. ఫిజియో ఖాళీ అయ్యేదాకా ఇద్దరం ఎదురుచూస్తూ కూర్చునేవాళ్లం. ఆవిడ సమయం అలా కరిగిపోతుంటే కడుపు రగిలిపోయేది.

శిక్షణ అడగడం తప్పని నేననను. స్పర్శ లేని చేతి మీద హాట్‌ప్యాక్ పెడితే బొబ్బలెక్కుతాయి, ఆ మనిషికి తెలియను కూడా తెలియదు. కానీ నేను ఆరేళ్లు చేసిన పనికి సంతకం పెట్టేవాళ్లే దొరకలేదు. పాత క్లినిక్ చేతులు మారింది, సూపర్‌వైజర్ ఎటో వెళ్లిపోయారు. 240 గంటలూ మొదటి నుంచి చేశాను. అందుకే ఈ మధ్య మన ఊళ్ల నుంచి వస్తున్న పిల్లలకి మొదట చెప్పేది ఇదే: ఉద్యోగం మానే రోజునే గంటల లెక్క మీద సంతకం పెట్టించుకోండమ్మా. ఒక రాష్ట్రం లైసెన్స్‌తో ఇంకో రాష్ట్రంలో పనిచేసేలా ఓటీ (ఆక్యుపేషనల్ థెరపీ) కాంపాక్ట్ అని రాష్ట్రాల మధ్య ఒప్పందం వచ్చింది. అది మొదలవడానికి కావలసిన పది రాష్ట్రాలూ 2022కల్లా చేరాయి. కాలిఫోర్నియా ఇంకా చేరలేదు.

ఆ పెద్దావిడకి నా అనుమతి వచ్చేదాకా ఆగే వ్యవధి లేదు. ఒకరోజు మొక్కజొన్న పిండి తెచ్చి నీళ్లు పోసి కలిపాను. ఎడమచేతిని కుడి పిడికిలి మీద వేయించి, బల్ల మీదికి ఒరిగి ఒంటి బరువంతా దాని మీద పెట్టమన్నాను. అలా చాలాసేపు నొక్కింది. చేయి ఎత్తేసరికి పిండిలో బొటనవేలు, చూపుడువేలు విడివిడిగా అచ్చు పడ్డాయి. మూడోది సగమే.